రాత్రిని నడిపిన రికార్డులు

రేవ్ అన్న మాట మన పేపర్లలో కనబడిందంటే ఆ పక్కనే పోలీసులు, దాడి, మత్తుమందు అన్న మాటలు కూడా ఉండి తీరతాయి. మా అల్లవరం వైపు రేవంటే పడవ ఆగే చోటు. డీజే అన్నా అంతే. మనకి డీజే అంటే లారీ నిండా బాక్సులు, ఇంటి రేకులు అదిరిపోవడం, మంచం మీదున్న ముసలివాళ్లు గుండె పట్టుకోవడం. పోయిన ఏడాది మా వీధిలో ఊరేగింపు వెళ్తుంటే పాలిచ్చే గేదె పలుపు తెంపుకుని పంటబోదెలో పడింది. ఆ రాత్రి మా నాన్న తిట్టిన తిట్లు ఈ సంచికలో అచ్చు వేయడానికి వీలుకాదు.

అంచేత ఒక డీజే గురించి రాస్తానంటే మిత్రులు నవ్వారు. పైగా అతని పేరు కూడా లారీయే. లారీ లెవాన్. న్యూయార్క్ వాడు. చచ్చిపోయి ముప్పై ఏళ్లు దాటింది.

అతని కథలోకి వెళ్లేముందు మా మావయ్య సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఆయనకి మైక్ సెట్టు ఉండేది. పెళ్లన్నా తీర్థమన్నా గొట్టం మైకు కొబ్బరిచెట్టుకి కట్టి, పక్క ఊరికి వినబడేట్టు తిప్పేవాడట. ముందు దేవుడి పాట, తర్వాత పెద్దవాళ్ల పాటలు, భోజనాలయ్యాక కుర్రాళ్ల పాటలు. ఏ రికార్డు ఎప్పుడు వెయ్యాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడా చెక్కపెట్టె అటక మీద ఉంది. దింపు కొబ్బరికాయల లెక్కలు చూసుకునే మనిషి, ఆ పెట్టె మాట ఎత్తితే మాత్రం లెక్క తప్పుతాడు. లెవాన్ గురించి చదువుతున్నంతసేపూ నాకు మావయ్యే గుర్తొచ్చాడు.

లెవాన్ 1954 జులై 20న బ్రూక్లిన్‌లో పుట్టాడు. అసలు పేరు లారెన్స్ ఫిల్పాట్. లెవాన్ తల్లి ఇంటిపేరు. ఆవిడ బట్టలు కుట్టేది, పాటల పిచ్చి ఉన్న మనిషి. పిల్లవాడికి పుట్టుకతోనే గుండెజబ్బు, దానికి తోడు ఉబ్బసం. రాత్రంతా జనాన్ని ఆడించడమే పనిగా పెట్టుకున్నవాడి గుండె మొదట్నించీ బలహీనమైనది. ఈ సంగతి గుర్తుంచుకుని తక్కింది చదవండి.

చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఫ్రాంకీ నకుల్స్ అనే స్నేహితుడితో కలిసి గ్యాలరీ అనే డ్యాన్సు హాల్లో బుడగలు ఊది అలంకరించే పనికి కుదిరాడు. 1970ల మొదట్లో కాంటినెంటల్ బాత్స్ అనేచోట ముందు లైట్లు చూసి, తర్వాత రికార్డులు వేసే పని అందుకున్నాడు. ఇద్దరూ నల్లజాతి కుర్రాళ్లు, స్వలింగ ప్రేమికులు. ఆ రోజుల్లో అలాంటివాళ్లకి బయట పెద్ద హాళ్లలో మర్యాద తక్కువ. వాళ్ల చోటు వాళ్లే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ చోటు మాన్‌హట్టన్‌లోని 84 కింగ్ స్ట్రీట్‌లో దొరికింది. అదొక కార్ల గరాజ్. మైకేల్ బ్రాడీ అనే ఆయన దాన్ని తీసుకుని 1977, 78 ప్రాంతంలో పారడైజ్ గరాజ్ అని తెరిచాడు. సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకీ, వాళ్ల వెంట వచ్చినవాళ్లకీ మాత్రమే ప్రవేశం. సారా అమ్మరు. పళ్లూ ఫలహారాలూ మాత్రం ఉచితం. అర్ధరాత్రి మొదలుపెడితే తెల్లారి బాగా పొద్దెక్కేదాకా ఆట. లెవాన్ కోసమే కట్టిన హాలు అది.

సైన్సు విద్యార్థిని కాబట్టి నాకు బాగా నచ్చిన భాగం ఇది, కొంచెం ఓపిక పట్టండి. రికార్డు మీద గాడి ఉంటుంది కదా, మంద్రధ్వని వచ్చినప్పుడల్లా ఆ గాడి పక్కలకి ఎక్కువ ఊగుతుంది. చిన్న రికార్డులో అంత చోటు ఉండదు. అంచేత డోలు దెబ్బని కత్తిరించి చెక్కేవారు. 1970ల మధ్యలో టామ్ మౌల్టన్ అనే ఆయన పెద్ద రికార్డు మీద ఒక్క పాటే చెక్కించి చూశాడు. గాడులు దూరం దూరం అయ్యాయి, ధ్వని బలిసింది. 1976 నుంచీ పన్నెండు అంగుళాల సింగిల్స్ బజారులోకి వచ్చాయి. చేలో నారు ఒత్తుగా వేస్తే దుబ్బు కట్టదు, ఎడం ఇస్తే కడుతుంది. మా నాన్నకి ఇలా చెబితే వెంటనే అర్థమైంది.

గరాజ్‌లో ధ్వని ఏర్పాటు రిచర్డ్ లాంగ్‌ది. అక్కడి మంద్రధ్వని పెట్టెకి లెవాన్ పేరే పెట్టారు. లెవాన్ స్వయంగా నిచ్చెన వేసుకుని స్పీకర్లు సర్దేవాడు. రాత్రి ముదిరేకొద్దీ ప్లేయర్లకి ఇంకా మేలైన ముల్లు మార్చేవాడనీ, ధ్వని మెరుగైనట్టు జనానికి తెలిసేది గాని ఎందుకో తెలిసేది కాదనీ చెబుతారు. జనం నిండుగా ఉండగా పాట ఆపేసి, అద్దాల గోళం దుమ్ముపట్టిందని ఎక్కి తుడిచిన రోజులు కూడా ఉన్నాయట. నాకైతే ఇది గొప్పతనమో పొగరో తేలలేదు. రెండూ కావచ్చు.

1981లో తానా గార్డ్‌నర్ పాడిన హార్ట్‌బీట్ అనే పాటని మళ్లీ కూర్చాడు. అప్పటి డ్యాన్సు పాటలు నిమిషానికి 120 దెబ్బల దగ్గర పరిగెడుతుంటే, ఇది వందకి అటూ ఇటూగా నడిచింది. మొదటిసారి వేస్తే జనం ఆట మానేసి తిండి దగ్గరికి పోయారు. అతను మానలేదు, వేస్తూనే ఉన్నాడు. కొన్నాళ్లకి ఆ పాట మొదలైతే చాలు, అందరూ లోపలికి పరిగెత్తేవారు.

అంతకు రెండేళ్ల ముందే, 1979 జులై 12న, షికాగోలోని బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్ప పోసి పేల్చేశారు. కాలినవి రికార్డులే గాని, కోపం వాటిని విని ఆడేవాళ్ల మీద కూడా ఉందని చాలామంది అన్నారు. అదే ఊళ్లో వేర్‌హౌస్ అనే హాల్లో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు వేస్తూనే ఉన్నాడు. ఆ హాలు పేరులోంచే హౌస్ అనే సంగీతం పేరు పుట్టింది. హౌస్ సముద్రం దాటి 1988 నాటికి ఇంగ్లండు చేరింది. పాత గోడౌన్లలో, ఊరి బయట పొలాల్లో వేలమంది చేరి తెల్లవార్లూ ఆడారు. రేవ్ అంటే అదే. 1994లో అక్కడి ప్రభుత్వం బయలు ప్రదేశంలో రాత్రిపూట అలా గుమికూడడం మీద చట్టం చేసింది. ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ వచ్చే సంగీతం అని చట్టంలోనే రాసుకున్నారు. ఆ లెక్కన మన డప్పు ఏమవుతుందో!

ఈ లోగా గరాజ్ మూతబడింది. ఎయిడ్స్ ఆ హాల్లో ఆడినవాళ్లని ఒక్కొక్కరినీ తీసుకుపోతున్న రోజులవి. బ్రాడీకి కూడా అదే జబ్బు. 1987 సెప్టెంబరు చివర్లో ఆఖరి ఆట జరిగింది, ఆ ఏడాది చివరికి బ్రాడీ పోయాడు. హాలు పోయాక లెవాన్ నిలదొక్కుకోలేదు. మత్తుమందు అలవాటు అంతకు ముందే ఉంది, అది ముదిరింది. దానికోసం తన రికార్డులే అమ్ముకుంటే, స్నేహితులు వాటిని కొని తిరిగి ఇచ్చేవారని చెబుతారు. ఇది దాచిపెట్టి అతన్ని పొగడడం నాకు చేతకాదు. మా మావయ్య ఈ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. రికార్డులు అమ్ముకున్నాడా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

1991లో లండన్‌లో ఒక పాత బస్సుల గరాజ్‌ని మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అనే క్లబ్బుగా మార్చారు. నమూనా న్యూయార్క్ గరాజే. లెవాన్ అక్కడికి అతిథిగా వెళ్లి, చాలా రోజులు ఉండిపోయి ధ్వని సర్దిపెట్టాడు. 1992లో ఫ్రాన్స్వా కెవోర్కియన్‌తో కలిసి జపాన్ పర్యటించాడు. తిరిగి వచ్చాక అదే ఏడాది నవంబరు 8న గుండెజబ్బుతో పోయాడు. వయసు 38.

2014 మే నెలలో కింగ్ స్ట్రీట్‌కి అతని పేరు పెట్టాలని అడుగుతూ వేలమంది ఆ వీధిలోనే చేరి పట్టపగలు ఆడారు. అంతకు కొద్దివారాల ముందే నకుల్స్ కూడా పోయాడు. ఆ గరాజ్ భవనాన్ని 2018లో పడగొట్టారు.