తేడాను వదలని యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన సంఘ సభ్యుల ఇళ్ళలో గ్లూకోమీటరు లేని ఇల్లు ఈనాడు తక్కువే. పరగడుపున వేలు గుచ్చి, స్ట్రిప్పుకు రక్తపు చుక్క అందించి, అంకె చూశాకే కాఫీ. రక్తాన్ని కొలిచే ఈ విద్యలో మన తెలుగువాడు డా. యల్లాప్రగడ సుబ్బారావుగారికీ భాగముంది. ఆయన మధుమేహానికి మందు కనిపెట్టలేదు, మీటరూ తయారు చేయలేదు. అయినా మధుమేహం ఉన్నవారు తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే ఉదరవ్యాధితో రోజుల వ్యవధిలో కన్నుమూశారు. మామగారి సాయంతో 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు.

హార్వర్డ్‌లో ఆయన పనిచేసిన బయోకెమిస్ట్రీ శాఖకు అధిపతి ఓటో ఫోలిన్. రక్తంలో చక్కెరను కొలవడానికి మన దేశపు లేబరేటరీలు కూడా ఎంతోకాలం వాడిన ఫోలిన్-వూ పద్ధతి ఆయనదే. చక్కెర ఎక్కువైనకొద్దీ ద్రావణం నీలంగా మారుతుంది. ఆ నీలాన్ని తెలిసిన నీలంతో పోల్చి లెక్క కడతారు. సుబ్బారావుగారు ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. అందులోనూ అదే మాలిబ్డినం నీలం.

కండరం నుంచి తీసిన నమూనాలో మాత్రం ఆ నీలం వెంటనే రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. ఇంకొకరైతే సీసా సరిగా కడగలేదని తోసేసేవారు. క్యాష్‌బుక్కులో పావలా తేడాకు రాత్రి పదింటిదాకా కూర్చున్న మనకు ఆ తేడా విలువ తెలుసు. ఆలస్యం ఎందుకని వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. చక్కెర కణంలోకి వెళ్ళగానే ఏ.టి.పి. నుంచి ఒక ఫాస్ఫేటు తగిలించుకుంటేగాని ముందుకు కదలదు. ఇన్సులిన్ చాలకనో, సరిగా పనిచేయకనో రక్తంలోనే నిలిచిపోయిన చక్కెరే మన మీటరులో కనిపించే అంకె.

మీటరు తేడా అంకె చూపితే మనమూ తోసేయకూడదు. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని మళ్ళీ చూడాలి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే లేని చక్కెర కనిపిస్తుంది. వేలి కొసన కాక పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. పరగడుపుదీ, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసినదీ తేదీతో రాసిపెట్టి డాక్టరుగారికి చూపాలి.

గత వేసవిలో నాకు చెమటలు పోసి కాళ్ళు వణికాయి. కనిగిరి ఎండ కదా అని పడుకోబోయాను. మా కోడలు పట్టుబట్టి చూస్తే 58! 70కి దిగితేనే జాగ్రత్తపడాలి. మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకున్నాం. ఆ రోజు అలాగే నిద్రపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కానేమో. మన ఊరి నీళ్ళలో ఫ్లోరైడు మాదిరే, రక్తంలో చక్కెర కూడా కొలిస్తేగాని తెలియదు.

హార్వర్డ్ సుబ్బారావుగారికి శాశ్వత స్థానం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అది పనికివచ్చే మందు. బోదకాలు పురుగుకు హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సరుకు అమినోప్టెరిన్ కూడా అక్కడివే. అమెరికా పౌరసత్వం లేకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే మరణించారు. 1995లో మన తపాలాశాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.

రక్తంలో చక్కెర చూసే డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీ 1965లో గాని రాలేదు. దాని మీద కూడా చక్కెర ఎంతో రంగును పోల్చి చూసే చెప్పేవారు.