బందరు హవల్దారు మీర్ జుమ్లా: సగం వాటా తగాదా

ఉమ్మడి వ్యాపారం నష్టం వల్లనే చెడుతుందని చాలామంది అనుకుంటారు. మేము చూసినంతవరకు లాభం వచ్చినప్పుడే తగాదాలు ఎక్కువ. డబ్బు కంటికి కనిపించగానే ఒప్పందంలోని ఒక్కో మాటకు రెండేసి అర్థాలు పుడతాయి. మన బందరులో హవల్దారుగా పనిచేసిన మీర్ జుమ్లా జీవితమే ఇందుకు తార్కాణం.

ఆయన అసలు పేరు మీర్ ముహమ్మద్ సయీద్. ఇరాన్‌లో ఇస్ఫహాన్‌కు సమీపాన ఉన్న అర్దిస్తాన్ ఆయన స్వస్థలం. తండ్రి నూనె వర్తకుడు. బతుకుతెరువు కోసం గోల్కొండ చేరి వజ్రాల వ్యాపారంలో పైకొచ్చారు. 1630ల రెండో సగంలో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా ఆయనకు మచిలీపట్నం అప్పగించారు. అప్పట్లో ఈ రేవు నుండి అద్దకం బట్టలు ఇరాన్‌కు, బర్మాకు ఓడలలో వెళ్ళేవి. 1643లో ఆయనకు రాజ్యంలో మీర్ జుమ్లా పదవి దక్కింది. ఆ పదవి పేరే ఆయన పేరుగా నిలిచిపోయింది. సొంత ఓడలు, వజ్రపు గనులు, సైన్యం సమకూర్చుకుని కర్ణాటక సీమను జయించారు.

1652లో గండికోటలో ఆయనను చూసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఒక వింత రాశాడు. మీర్ జుమ్లా కాలివేళ్ళ సందుల్లోనూ ఎడమచేతి వేళ్ళ మధ్యా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయిస్తుండేవారట. కాగితం విలువ అంతగా తెలిసిన మనిషి కూడా ఒక కాగితం దగ్గర చిక్కుల్లో పడ్డారు.

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. రేవు సుంకంలో సగం నాయకునికి, సగం కంపెనీకి అని షరతు. మీర్ జుమ్లా ఆ సీమను జయించాక 1647లో పాత హక్కులనే ఖాయం చేశారు. అయితే రేవూ, లెక్కల పుస్తకమూ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. సగం అనే మాట ఉన్నా, లెక్క చూసేది ఎవరో తేలలేదు. గొడవలు ముదిరాయి. 1657లో మీర్ జుమ్లా సైనికులు మద్రాసును చుట్టుముట్టారు. 1658లో రాజీ కుదిరింది. సగం వాటాకు బదులు కంపెనీ ఏటా 380 వరహాలు ఇస్తే చాలు.

అప్పటికే ఆయన గోల్కొండను వదిలి మొఘలుల కొలువులో చేరారు. బెంగాల్ సుబేదారై, అస్సాం దండయాత్ర ముగించి తిరిగివస్తూ 1663లో మరణించారు. తగాదా మాత్రం చావలేదు. గోల్కొండ పక్షాన నెక్‌నామ్ ఖాన్ మళ్ళీ సగం వాటా అడిగాడు. రాబడి చూడటానికి తన మనిషిని మద్రాసులో ఉంచుతానన్నాడు. కంపెనీ 380 వరహాల రాజీనే పట్టుకు కూర్చుంది. ఆ అంకె పాత షరతును శాశ్వతంగా రద్దు చేసిందా, లేక మీర్ జుమ్లా ఉన్నన్నాళ్ళకేనా? రేవు పెరిగినకొద్దీ ఆ ప్రశ్న బరువు పెరిగింది. చివరకు 1672లో ఏటా 1,200 వరహాలకు ఒప్పందం తిరగరాశారు.

మద్రసాలో ఫిఖహ్ చదివినవారికి ఇక్కడ కిటుకు తెలుస్తుంది. షిర్కత్‌లో లాభం నిష్పత్తిగా ఉండాలి. ఒక భాగస్వామికి ఇంత సొమ్ము అని ముందే ఖాయం చేస్తే ఆ ఒప్పందం ఫాసిద్ అవుతుంది. ఇజారాలో, అంటే అద్దెలో, దీనికి భిన్నంగా సొమ్ము ముందే తేలాలి. మన రైతు మాటల్లో ఒకటి పాలు, మరొకటి కౌలు. మద్రాసులో పాలును కౌలుగా మార్చారు. ఆ మార్పు ఎంతకాలానికో తేల్చుకోలేదు. కౌలు అనే మాట కూడా అరబ్బీలోని ఖౌల్ నుండి వచ్చినదే. దానికి అర్థం మాట, వాగ్దానం.

నేడు గుడివాడ వైపు వరిచేలలోనూ, దివిసీమలో చేపల, రొయ్యల చెరువుల మీదా అన్నదమ్ములు, బావమరుదులు సగం సగం అని నోటిమాటతో కలుస్తారు. మేత ఖర్చు తీసాక సగమా, తీయకముందా? లెక్క ఎవరు రాస్తారు, ఎవరు చూస్తారు? ఎన్ని పంటల వరకు? ఒకరు కన్నుమూస్తే వారసులకు ఏమిటి? వాయిదా లావాదేవీలను రాసుకొమ్మని బఖరా సూరా ఆదేశించింది, సాక్షులనూ పెట్టుకొమ్మంది. దగ్గరివాళ్ళను కాగితం అడగడం అనుమానించడం కాదు. ఆ చుట్టరికాన్ని కాపాడుకోవడమేనని మా మనవి.