నెస్టర్ మఖ్నో

నెస్టర్ ఇవనోవిచ్ మఖ్నో (నవంబర్ 7, 1888 - జూలై 25, 1934) ఉక్రెయిన్‌కు చెందిన అరాచకవాద విప్లవకారుడు, రైతు సేనాని. గుర్రపు బండిపై మెషిన్‌గన్ అమర్చిన తచాంకను పెద్దయెత్తున ప్రయోగించిన యోధుడిగా ప్రసిద్ధుడు.

బాల్యం, కారాగారవాసం

మఖ్నో దక్షిణ ఉక్రెయిన్‌లోని హుల్యాయ్‌పోలెలో పేద రైతు కుటుంబంలో ఐదుగురు అన్నదమ్ములలో చివరివాడుగా జన్మించాడు. పసితనంలోనే తండ్రి మరణించడంతో పశువులు కాస్తూ పెరిగాడు. 1905 విప్లవం తరువాత అరాచకవాద బృందంలో చేరి 1908లో అరెస్టయ్యాడు. 1910లో పడిన మరణశిక్ష యావజ్జీవ కఠిన శిక్షగా మారింది. మాస్కోలోని బుతీర్కా జైలులో క్షయవ్యాధి సోకింది. జారు ప్రభుత్వం కూలిన తరువాత 1917లో విడుదలై, స్వగ్రామంలో భూముల పంపిణీకి నాయకత్వం వహించాడు.

తచాంక

1918లో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ సేనలు ఉక్రెయిన్‌ను ఆక్రమించగా మఖ్నో సాయుధ పోరాటం ప్రారంభించాడు. అనుచరులు ఇతనిని బత్కో (తండ్రి) అని పిలిచేవారు.

ఆనాటి ఆశ్వికదళాలకు మెషిన్‌గన్ ఒక చిక్కు సమస్య. చక్రాల పీఠం, రక్షక కవచంతో కలిపి 1910 నమూనా మాక్సిమ్ బరువు 60 కిలోలకు పైమాటే. దానికి నీటి శీతలీకరణ కూడా అవసరం. రౌతు దానిని జీనుపై మోయలేడు, స్వారీ చేస్తూ పేల్చనూ లేడు. స్ప్రింగులున్న ప్రయాణపు బండి ఈ చిక్కును తీర్చింది. తుపాకీని బండి వెనుక భాగంలో, గొట్టం వెనుకకు ఉండేటట్లు అమర్చేవారు. గుర్రాలు గుళ్ళకు అడ్డు రావు; పారిపోతూ కూడా వెంటాడేవారిని కాల్చవచ్చు. దాడి చేయవలసినప్పుడు శత్రువుకు ఎదురుగా దూసుకువెళ్ళి, బండిని గిర్రున తిప్పి, నిమిషానికి సుమారు 600 గుళ్ళ వేగంతో కాల్పులు జరిపేవారు. కాల్బలం కూడా బండ్లపైనే కదిలేది. అలసిన గుర్రాలను గ్రామాలలో మార్చుకునేవారు కనుక, రైతుల మద్దతు లేనిదే ఈ పద్ధతి సాగేది కాదు.

తచాంకను కనిపెట్టిన ఘనతను తరచు మఖ్నోకే ఇస్తారు గానీ, అంతర్యుద్ధంలో ఇతర పక్షాలూ దీనిని వాడాయి.

యుద్ధాలు

1919లో జనరల్ డెనికిన్ శ్వేతసేనల ఒత్తిడికి పశ్చిమంగా వెనుదిరిగిన మఖ్నో, సెప్టెంబర్ 26న ఉమాన్ సమీపంలోని పెరెగోనోవ్కా వద్ద ఎదురుదాడి చేసి వారిని ఓడించాడు. అనంతరం శరవేగంగా తూర్పుకు మళ్ళి బెర్ద్యాన్స్క్, మరియుపోల్ వరకు ఆక్రమించాడు. మాస్కో వైపు సాగుతున్న డెనికిన్, కొన్ని దళాలను వెనుకకు మళ్ళించక తప్పలేదు.

ఆ శరత్కాలంలోనే మఖ్నో దళాలు జర్మన్ భాషీయులైన మెన్నొనైట్ క్రైస్తవ రైతుల గ్రామాలపై పడి వందలాది మందిని చంపాయి. ఐఖెన్‌ఫెల్డ్ హత్యాకాండ (1919) వీటిలో ఒకటి. ఇందులో మఖ్నో వ్యక్తిగత బాధ్యతపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. తచాంకలుగా మారిన బండ్లలో అనేకం ఆ రైతులనుండి లాక్కున్నవే.

1920లో ఎర్రసేనతో పొత్తు కుదిరింది. చీలమండ గాయంతో మఖ్నో వెళ్ళలేకపోగా, సెమెన్ కరెత్నిక్ నాయకత్వంలో ఇతని సేన సివాష్ జలాలు దాటి, క్రిమియాలో రాంగెల్ అశ్వికదళాన్ని తచాంకల కాల్పులతో చెదరగొట్టింది. విజయం దక్కిన కొద్ది రోజులకే, నవంబర్ 26న, బోల్షివిక్కులు మిత్రులపైనే దాడికి దిగి కరెత్నిక్‌ను చంపారు.

ప్రవాసం, మరణం

1921 ఆగస్టు 28న మఖ్నో నీస్టర్ నది దాటి రుమేనియా చేరాడు. పోలండ్‌లో విచారణ ఎదుర్కొని 1923లో నిర్దోషిగా విడుదలయ్యాడు. తరువాత పారిస్‌లో పేదరికంలో జీవించి, క్షయవ్యాధితో మరణించాడు. చితాభస్మాన్ని పేర్ లషేజ్ శ్మశానంలో ఉంచారు. సోవియట్ చరిత్ర పుస్తకాలు ఇతనిని బందిపోటుగా చిత్రించాయి. 1967లో కఖోవ్కా వద్ద నెలకొల్పిన తచాంక స్మారకం మాత్రం ఎర్రసేనకు అంకితమైనది.