పాతబండి నేర్పిన పాఠము: హెన్రీ రాయిసుగారి చరిత్రము

చిన్నపనిని సైతము శ్రద్ధతో చేయువానికి గొప్పపని తానై వచ్చి చేరునని పెద్దలు చెప్పుదురు. ఇందులకు నిదర్శనముగా హెన్రీ రాయిసుగారి చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపనెంచితిమి.

రాయిసుగారు 1863 వ సంవత్సరము మార్చి 27 వ తేదీని ఇంగ్లండు దేశమందలి ఆల్వాల్టను గ్రామమున జన్మించిరి. తండ్రి పిండిమర నడపి నష్టపడి, కుమారునకు తొమ్మిదేండ్ల ప్రాయమున గతించెను. బాలుడు వార్తాపత్రికల నమ్మియు, తంతివార్తల నందించియు పొట్టపోసికొనెను. బడిచదువు మిక్కిలి స్వల్పము. 1878 లో బంధువురాలొకతె ధనసహాయము చేయగా పీటర్‌బరో రైలు కార్ఖానాలో పని నేర్వ చేరెను. బసచేసిన యింటి పెరటిలో నొక చిన్న పనిపాక యుండెను. ఆకురాయి పట్టుటయు, తరిమెన త్రిప్పుటయు నచ్చట నభ్యసించెను. మూడేండ్లకు సొమ్ము నిలిచిపోగా చదువును నిలిచెను. పని మాత్రము నిలువలేదు.

1884 లో తాము కూడబెట్టిన 20 పౌనులతో, క్లేర్‌మాంటను మిత్రునితో కలసి, మాంచెస్టరు నగరమున విద్యుద్గంటలు చేయ నారంభించిరి. క్రమముగా డైనమోలును, బరువులెత్తు క్రేనులును చేసి పేరొందిరి. కాని కొంతకాలమునకు చౌకసరకుల పోటీవలన వ్యాపారము సన్నగిల్లెను.

అట్టి చిక్కుకాలమున రాయిసుగారు ఒకరు వాడి విడిచిన డెకోవిల్లను ఫ్రెంచి మోటారుబండిని కొనిరి. అది మోతపెట్టును, వణకును. దానిని నమ్మి దూరము పోవ వీలులేదు. మనమైనచో అమ్మినవానిని తిట్టి యూరకుందుము. ఆయన బండిని విప్పి, ఒక్కొక్క భాగమును పరీక్షించిరి. యంత్రము నిలిచిన, పెట్రోలు అందలేదా, నిప్పురవ్వ పుట్టలేదా, గాలియు తైలమును తగుపాళ్లలో కలియలేదా యని వరుసగా చూడవలెను. ఒక్కమారే నాలుగింటిని మార్చినచో దోషమెచ్చటనో తెలియదు. ఈ యోర్పే ఆయన విద్య. లోపములన్నియు కనుగొన్న పిమ్మట, మరమ్మతుతో తృప్తినొందక, తామే మేలైన బండిని చేయ నిశ్చయించిరి. క్షీణించుచున్న వ్యాపారమునకిది సాహసమే. ఇద్దరు శిష్యబాలుర తోడ్పాటుతో శ్రమించి చేసిన రెండు సిలిండర్ల బండి 1904 ఏప్రిల్ 1 వ తేదీని కార్ఖానానుండి వెడలి, 15 మైళ్ల దూరమందలి ఆయన యింటికి చేరెను.

ఆ మే నెలలో చార్లెసు రోల్సుగారు ఆ బండి నెక్కి, దాని నిశ్శబ్దగమనమునకు ఆశ్చర్యపడి, స్నేహము కలిపిరి. 1906 లో రోల్సు-రాయిసు కంపెనీ స్థాపితమాయెను. 1907 లో వారి ‘సిల్వర్ ఘోస్టు’ బండి 14,371 మైళ్ల పరీక్షలో నెగ్గెను. 1930 లో రాజగౌరవము లభించినను, ఆయన తాము యంత్రకారుడననియే చెప్పికొనుచుండిరి.

ఒక్క లోపమును దాచరాదు. యంత్రమునకు చమురు మరువని యా మహాశయుడు తన దేహమునకు ఆహారము మరచెను. అందువలన 1911 మొదలు రోగపీడితుడై, కార్ఖానాకు దూరముననే యుండి చిత్తుపటములు దిద్దుచు, 1933 ఏప్రిల్ 22 వ తేదీని పరమపదించెను.

విద్యార్థులారా! సైకిలు గొలుసు జారినను, లెక్క తప్పినను, దోషమెచ్చటనో యోర్పుతో వెదకుడు. అన్నము వేళకు తినుట మాత్రము మరువకుడు.