మచిలీబందరు మీర్ జుమ్లా

పారసీకమున పేదయింట జనించిన మహమ్మద్ సయ్యద్, వజ్రవర్తకుని గుమాస్తాగా గోలకొండ రాజ్యమునకు వచ్చెను. కృష్ణా సాగరసంగమమునకు చేరువనున్న మచిలీబందరున 1605 నుండి డచ్చివారును, 1611 నుండి ఆంగ్లేయులును వర్తకము సాగించుచుండిరి. కలంకారీ వస్త్రములు అచటినుండి పారసీకమునకును తూర్పుదీవులకును ఓడలెక్కెడివి.

సయ్యద్ ఆ రేవునకు అధికారియై, 1643లో గోలకొండ మీర్ జుమ్లా, అనగా మంత్రి, అయ్యెను. సొంత ఓడలు నడిపెను; వజ్రపు గనులను గుత్తకు పట్టెను. పాలించు చేయియే బేరమును ఆడెను. ఆ ధనముతో సైన్యమును పోషించి గండికోటను జయించెను. సేవకుని బలమునకు రాజు జంకెను. 1655లో అబ్దుల్లా కుతుబ్‌షా అతని కుమారుని చెరపట్టగా, అతడు మొగలుల పక్షము చేరెను. మరు సంవత్సరమే ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. అస్సాము దండయాత్రనుండి మరలుచు 1663లో అతడు మరణించెను.

విదేశవాణిజ్యము గోలకొండకు సిరి తెచ్చినది. ఆ సిరి ఒక్కని గుప్పిట చేరుటయే చేటు తెచ్చినది.