చిత్రకారుడు శ్రీ దామెర్ల రామారావు గారు

బాలుడు పలకమీద లెక్క వేయుటకు మారుగా బొమ్మ వేసినయెడల ఉపాధ్యాయుడు కోపగించును. గోడమీద బొగ్గుతో గీసినయెడల తల్లి సున్నము పూసి ఆ గీతలు కనబడకుండ చేయును. ఇది మన యిండ్లలో నిత్యము జరుగు సంగతియే. అట్టి గీతలలో నొకానొకప్పుడు దైవదత్తమైన వరము దాగియుండవచ్చును. ఈ సత్యమును గ్రహించుటకు, మన ఆలమూరునకు చేరువనున్న రాజమహేంద్రవరమున పుట్టి, ఇరువదియెనిమిదేండ్లయినను నిండకుండ గతించిన శ్రీ దామెర్ల రామారావు గారి జీవితము మిక్కిలి యుపకరించును.

మన సీమలో చిత్రకళ యెన్నడును లేకపోలేదు. ధనుర్మాసమున వాకిళ్లలో తీర్చు ముగ్గులు, కనుమనాడు జగ్గన్నతోటకు తరలు ప్రభల రంగురంగుల యలంకారము, పల్లెలలో రాత్రివేళ ఆడించు తోలుబొమ్మలు, క్రిస్మసు దినములలో మన యిండ్లపై వ్రేలాడు కాగితపు నక్షత్రములు, ఇవన్నియు చిత్రకళయే. కాని వానిని చేయువారిని చిత్రకారులని పిలుచువారు అరుదు. రామారావు గారి బాల్యమున చదువుకొన్నవారికి చిత్రమనగా పాశ్చాత్యుల తైలవర్ణ చిత్రము. సామాన్యులకు చిత్రమనగా రవివర్మ గారు 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమువంటి చోట్లనుండి వచ్చు దేవతల పటము. మన వీధియు, మన రేవును, మన పడుచుల కట్టుబొట్టులును చిత్రసభలో నిలువదగినవని తలచినవారు కొలదిమంది మాత్రమే.

రామారావు గారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన జన్మించిరి. చిత్రలేఖనము కూడు పెట్టదని పెద్దలు భయపడు కాలమది. ఆ కాలమున రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయముగ చిత్రకారులు, రచయితలు. ఆయన తన విద్యార్థులలోని ప్రతిభను వెదకి పైకి తెచ్చువారు. పిదప నవలాకర్తగను చిత్రకారుడుగను పేరొందిన అడివి బాపిరాజు గారును ఆయన శిష్యులే. పరదేశమునుండి వచ్చిన గురువు తన దేశపు చిత్రములను అనుకరింపుమనక, మీ దేశపు సౌందర్యమును మీ కన్నులతో చూడుడని బోధించుట మిగుల గమనింపదగినది. రామారావు గారి చేతిలోని శక్తిని గుర్తించి, ధనసహాయముచేసి, 1916లో ఆయనను బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు పంపినవారు కూల్డ్రే గారే.

1920లో అచటి విద్య ముగిసెను. బొంబాయివంటి మహానగరమున చిత్రకారునకు కీర్తికిని ధనార్జనకును అవకాశము లెక్కువ. అయినను ఆయన గోదావరి తీరమునకే మరలి వచ్చిరి. పాశ్చాత్యరీతిని నేర్చియు దానికి దాసులు కాలేదు. ఆ దినములలో కలకత్తాయందు ప్రబలియున్న వంగరీతిని మెచ్చియు దానిని అనుకరింపలేదు. స్పష్టమైన రేఖ, తేటయైన నీటిరంగు, తెలుగు స్త్రీల సహజమైన నిలుకడ, వీనితో తనదైన యొక రీతిని కల్పించుకొనిరి. పుష్పాలంకారము, నందిపూజ, సిద్ధార్థ రాగోదయము, ఋశ్యశృంగ బంధనము మున్నగునవి ఆయన చిత్రములలో ప్రసిద్ధములు. పురాణ కథను చిత్రించినను అందలి మనుష్యులు మన యెరిగినవారివలెనే కనబడుదురు. పువ్వులు ముడుచుకొనుట, పూజకు పోవుట మొదలగు నిత్యకృత్యములే ఆయన కుంచె సోకి గౌరవము పొందెను. 1924లో లండను నగరమునకు చేరువనున్న వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనమునందును ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను. మన వాకిటి సౌందర్యము ఆ విధముగ సముద్రములు దాటెను.

తాను గడించిన విద్యను ఆయన తనయందే దాచుకొనలేదు. రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి యువకులకు నేర్పిరి. భార్యయైన సత్యవాణి గారును, సోదరియైన బుచ్చికృష్ణమ్మ గారును చిత్రకారిణులైరి. స్త్రీలకు అక్షరాభ్యాసమే అరుదైన ఆ దినములలో ఇది సామాన్యమైన కార్యము కాదు.

అంతలో, 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన, మశూచికము ఆయనను హరించెను. నేడు ఆ వ్యాధి లోకమున లేదు. 1980లో అది నిర్మూలమైనదని ప్రకటింపబడెను. ఆనాడు మాత్రము దానికి ఔషధము లేదు. అయినను ఆయన పని ఆగలేదు. మిత్రులైన వరదా వెంకటరత్నము గారు ఆ కళాశాలను సాగించిరి. రామారావు గారి స్మారక చిత్రశాల రాజమహేంద్రవరమున నేటికిని ఉన్నది. మన విద్యార్థులు తప్పక చూడదగిన స్థలమది.

తలాంతుల యుపమానము మనకందరకును తెలిసినదే. భూమిలో పాతిపెట్టిన తలాంతు ఫలింపదు. రామారావు గారికి దొరకిన పని కాలము బొంబాయినుండి వచ్చిన పిదప అయిదేండ్లయినను లేదు. తనకీయబడినదానిని ఆ స్వల్పకాలముననే వృద్ధిచేసి ఇతరులకు పంచి పోయిరి. ఒక గురువు గుర్తింపకున్నచో ఆ తలాంతు మంటిలోనే యుండియుండును గదా! కావున తల్లిదండ్రులారా, ఉపాధ్యాయ మిత్రులారా, బిడ్డ గీసిన గీతను తుడిచివేయుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి చూతము. విద్యార్థులారా, మీ వాకిటి ముగ్గును, మీ యూరి ప్రభను చిన్నచూపు చూడకుడు. గొప్పకళ అచటనే మొదలగును.