నల్లని అట్ట వెనుక మనిషి: బాన్ స్కాట్

ఒక సంగీత బృందానికి ప్రాణం లాంటి గాయకుడు పోతే, ఆ బృందం కథ అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకుంటారు. 1980 ఫిబ్రవరిలో ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా హార్డ్ రాక్ బృందం గురించి కూడా లోకం అలాగే అనుకుంది. గాయకుడు బాన్ స్కాట్ 33 ఏళ్ళకే కన్ను మూశాడు. ఐదు నెలలు గడిచాయో లేదో, 1980 జూలై 25న అదే బృందం నుంచి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అనే ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద బొమ్మ లేదు. అంతా నలుపే. పోయినవాడి కోసం పట్టిన మైల అది.

ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో నాలుగో స్థానానికి చేరింది. 2019 నాటికి ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్ల ప్రతులకు ధ్రువీకరణ పొందింది. రాక్ సంగీతంలో పడి లేచిన కథల గురించి ఎవరు మాట్లాడినా మొదట ఈ ఆల్బమ్ పేరే చెబుతారు. కానీ ఆ ఆల్బమ్‌లో ఒక్క పాట కూడా పాడని మనిషే దానికి మూలం. ఇది అతని కథ. పుట్టిన ఊరు వదిలి మరో దేశంలో పెరిగిన ఒక వలస కుటుంబపు పిల్లవాడి కథ కూడా కాబట్టి, మనలాంటి వాళ్ళకు ఇందులో కొన్ని సంగతులు బాగా తెలిసినవిగానే అనిపిస్తాయి.

పేరు మారిన పిల్లవాడు

రొనాల్డ్ బెల్ఫర్డ్ స్కాట్ 1946 జూలై 9న స్కాట్లండ్‌లోని ఫోర్ఫర్ పట్టణంలో పుట్టాడు. పెరిగింది పక్కనే ఉన్న కిర్రిమ్యూర్‌లో. ‘పీటర్ పాన్’ సృష్టికర్త జె. ఎమ్. బారీ పుట్టిన ఊరు అదే. స్కాట్ కుటుంబానికి అక్కడ బేకరీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్ నుంచి వేలాది కుటుంబాలు మెరుగైన బతుకు వెతుక్కుంటూ ఆస్ట్రేలియా ఓడ ఎక్కాయి. 1952లో స్కాట్ కుటుంబం కూడా వాళ్ళతో పాటే బయలుదేరి మెల్‌బోర్న్ శివార్లలోని సన్‌షైన్‌లో దిగింది. అప్పటికి పిల్లవాడికి ఆరేళ్ళు.

కొత్త బడిలో అతని స్కాటిష్ యాస విని తోటి పిల్లలు ఆట పట్టించారు, కొడతామని బెదిరించారు కూడా. తరగతిలో అప్పటికే ఒక రొనాల్డ్ ఉండటంతో, స్కాట్లండ్‌ను ముద్దుగా పిలిచే ‘బానీ స్కాట్లండ్’ అన్న మాటలోంచి ఇతనికి ‘బాన్’ అని పేరు పెట్టారు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరునే అతను జీవితాంతం ఉంచుకున్నాడు. పరాయి దేశంలో మన పేర్లను ముక్కలు చేసి పిలవడం అలవాటైన మనకు ఇది కొత్త విషయమేమీ కాదు.

1956లో కుటుంబం పశ్చిమ ఆస్ట్రేలియాలోని రేవు పట్టణం ఫ్రీమాంటిల్‌కు మారింది. అక్కడ స్కాటిష్ వలసదారులు నడిపే పైప్ బ్యాండ్‌లో తండ్రి ఉండేవారు, కొడుకూ చేరి డ్రమ్ములు నేర్చుకున్నాడు. ఊరు వదిలి వచ్చినవాళ్ళు ఊరి సంగీతాన్ని వెంట తెచ్చుకోవడం, పిల్లలకు దాన్ని అందించాలని తాపత్రయపడటం ఏ దేశం వాళ్ళకైనా ఒకటే.

దారి తప్పిన రోజులు

బాన్ బుద్ధిమంతుడైన పిల్లవాడేమీ కాదు. పదిహేనేళ్ళకే చదువు మానేశాడు. పొలాల్లో కూలి పని చేశాడు, రొయ్యల పడవల మీద పని చేశాడు, తూకం యంత్రాలు బాగు చేయడం నేర్చుకున్నాడు. 1963లో కొన్ని నేరాలకు శిక్ష పడి, బాలనేరస్థుల సంస్థలో సుమారు తొమ్మిది నెలలు ఉన్నాడు. ఆ తరువాత సైన్యంలోకి కూడా అతన్ని తీసుకోలేదు.

బయటికి వచ్చాక సంగీతమే దారి అయింది. 1960ల మధ్యలో ‘స్పెక్టర్స్’ బృందంలో డ్రమ్స్ వాయిస్తూ అప్పుడప్పుడు పాడాడు. తరువాత ‘వాలెంటైన్స్’ బృందంలో ఒకే రకం దుస్తులు తొడుక్కుని తియ్యటి పాప్ పాటలు పాడాడు. 1970లో అడిలైడ్ చేరి ‘ఫ్రటర్నిటీ’ అనే బృందంలో గడ్డం పెంచుకుని గంభీరమైన రాక్ పాడాడు. ఆ బృందం ఇంగ్లండ్ దాకా వెళ్ళి అదృష్టం పరీక్షించుకుంది కానీ అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. పుట్టిన దేశానికి తిరిగి వెళ్ళినా బాన్‌కు గుర్తింపు దొరకలేదు. చేతిలో పైసా లేకుండా అడిలైడ్ తిరిగి వచ్చాడు.

1974 మే నెలలో మోటార్ సైకిల్ ప్రమాదం జరిగింది. మూడు రోజులు స్పృహ లేదు. కోలుకున్నాక పోస్టర్లు అంటించడం లాంటి చిన్నా చితకా పనులతో రోజులు గడిపాడు. పెళ్ళి కూడా విడిపోయే దశకు వచ్చింది. 28 ఏళ్ళ వయసులో, రాక్ సంగీతపు లెక్కల్లో అతని కథ అయిపోయినట్టే.

మరో వలస కుటుంబం

సరిగ్గా ఆ సమయంలో సిడ్నీ నుంచి ఒక కుర్ర బృందం అడిలైడ్ వచ్చింది. మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అనే అన్నదమ్ములు 1973లో మొదలుపెట్టిన ఏసీ/డీసీ అది. వాళ్ళదీ స్కాట్లండే. 1963లో గ్లాస్గో నుంచి ఆస్ట్రేలియా వచ్చిన పెద్ద కుటుంబం. బృందం పేరు వాళ్ళ అక్క మార్గరెట్ చూసిన కుట్టు మిషన్ మీది అక్షరాల నుంచి వచ్చింది. ఆంగస్ స్కూల్ యూనిఫాం వేసుకుని వేదిక ఎక్కడం కూడా ఆమె సలహాయే. అన్న జార్జ్ యంగ్ అప్పటికే ‘ఈజీబీట్స్’ బృందంతో పేరు తెచ్చుకున్నవాడు. తమ్ముళ్ళ రికార్డింగులకు నిర్మాత ఆయనే.

ఆంగస్‌కు అప్పుడు 19 ఏళ్ళు. బాన్ తమకంటే పెద్దవాడైపోయాడని వాళ్ళు సందేహించారు. వీళ్ళు మరీ చిన్నపిల్లలని బాన్ సందేహించాడు. ఒకసారి కలిసి వాయించాక ఇద్దరి సందేహాలూ తీరిపోయాయి. 1974 శరదృతువు వచ్చేసరికి బాన్ ఏసీ/డీసీ గాయకుడు.

అతని గొంతు శాస్త్రీయంగా మధురమైనదేమీ కాదు. గరుకుగా, కొంచెం కొంటెగా, పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుగా ఉంటుంది. పాటల మాటలు కూడా అతనే రాసేవాడు. అద్దె గదులు, తెల్లవారుజామున ముగిసే కచేరీలు, ఖాళీ జేబులు, మోసపోయిన ప్రేమలు, వీటన్నిటి మీదా అతనిది నవ్వుతూ చూసే చూపు. ఆ మాటల్లో మొరటుతనం ఉంది. కొన్ని ఇప్పుడు వింటే ఇబ్బందిగానే ఉంటాయి. కానీ బాధను చెబుతూ కూడా తనను తాను వెక్కిరించుకునే ఆ గుణం వల్లే శ్రోతలు అతన్ని తమవాడనుకున్నారు.

1975 చివర వచ్చిన ఒక పాటలో బ్యాగ్‌పైప్ వినిపిస్తుంది. మన వీధి భాగవతుల వెనక శ్రుతికి ఊదే తిత్తిని గుర్తు చేసే వాద్యం అది. బాన్ పైప్ బ్యాండ్‌లో ఉండేవాడని తెలిసి, పాటలో అది పెడదామని జార్జ్ అన్నాడు. నిజానికి బాన్ అక్కడ వాయించింది డ్రమ్ములు. అయినా కాదనకుండా కష్టపడి ఊదడం నేర్చుకున్నాడు. 1976 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ వీధిలో లారీ మీద నిలబడి వాళ్ళు ఆ పాట చిత్రీకరించారు. ఆ దగ్గరలోని ఒక సందుకు 2004లో నగరం ఏసీ/డీసీ పేరే పెట్టింది.

1976లో బృందం లండన్‌కు మకాం మార్చింది. అమెరికాలోని రికార్డు కంపెనీ ఒక ఆల్బమ్‌ను విడుదల చేయడానికే ఒప్పుకోలేదు. అయినా ఊరూరా తిరిగారు, ఏడాదికో ఆల్బమ్ చేశారు. ఆ తిరుగుళ్ళ మధ్య బాన్ ఇంటికీ స్నేహితులకూ విడవకుండా ఉత్తరాలు రాసేవాడు. చివరికి 1979లో ‘హైవే టు హెల్’ అమెరికాలో 17వ స్థానానికి చేరింది. పదిహేనేళ్ళ శ్రమ ఫలించే వేళ వచ్చింది.

ఒక రాత్రి

1980 ఫిబ్రవరిలో మాల్కమ్, ఆంగస్ కొత్త పాటల బాణీలు కట్టుకుంటుంటే బాన్ వచ్చి, పాత అలవాటు కొద్దీ డ్రమ్స్ ముందు కూర్చుని వాయించి వెళ్ళాడు. మాటలు రాసి తెస్తానన్నాడు. కొద్ది రోజులకే, ఫిబ్రవరి 18 రాత్రి లండన్‌లో ఒక క్లబ్బులో బాగా తాగాడు. స్నేహితుడి కారులోనే నిద్రపోయాడు. మర్నాడు చూసేసరికి ప్రాణం లేదు. విపరీతంగా మద్యం తాగడం వల్ల ప్రమాదవశాత్తు సంభవించిన మరణమని విచారణలో తేల్చారు. దాని మీద ఇప్పటికీ రకరకాల ఊహాగానాలు సాగుతూనే ఉన్నాయి. అతను పాటల్లో సరదాగా పాడిన జీవితమే అతన్ని తీసుకుపోయిందన్నది మాత్రం చేదు నిజం.

అస్థికలను ఫ్రీమాంటిల్‌లో ఉంచారు. బృందాన్ని ఆపేద్దామనే అన్నదమ్ములు అనుకున్నారు. వాళ్ళ మనసు మార్చింది బాన్ తల్లిదండ్రులు. మీరు ఆగిపోవడం మా అబ్బాయికి ఇష్టం ఉండదు, మరొకరిని వెతుక్కుని ముందుకు వెళ్ళండని వాళ్ళు చెప్పారు. కన్నకొడుకు పోయిన దుఃఖంలో ఉన్నవాళ్ళు మరొకరి కొడుకులకు ధైర్యం చెప్పడం మామూలు విషయం కాదు. ఆ మాట లేకపోతే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ లేదు.

నలుపులో తిరిగి రాక

కొత్త గాయకుడుగా బ్రయన్ జాన్సన్ వచ్చాడు. ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాజిల్ ప్రాంతంవాడు. ‘జార్డీ’ అనే అతని పాత బృందం మూతపడే స్థితికి రావడంతో కార్లకు వినైల్ పైకప్పులు వేసే వ్యాపారం చేసుకుంటున్నాడు. విశేషమేమిటంటే అతని గురించి ముందుగా మెచ్చుకుంటూ చెప్పినవాడు బాన్ స్కాటే. ఫ్రటర్నిటీ రోజుల్లో ఇంగ్లండ్‌లో జాన్సన్ కచేరీ చూశాడు. అరుస్తూ నేల మీద దొర్లిన ఆ గాయకుడు అతనికి బాగా నచ్చాడు. ఆ రోజు తాను దొర్లింది అపెండిసైటిస్ నొప్పితోనని జాన్సన్ తరువాత చెప్పాడు.

1980 ఏప్రిల్, మే నెలల్లో బహామాస్‌లోని నసావులో రికార్డింగ్ జరిగింది. మొదటి పాట చావు గంటతో మొదలవ్వాలన్నది ఆలోచన. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో గంటల గోపురం దగ్గర ధ్వని పట్టడానికి ప్రయత్నిస్తే, గంట కొట్టినప్పుడల్లా లోపలి పక్షులు రెక్కలు టపటపలాడిస్తూ ఎగిరేవట. చివరికి అదే ఊరి గంటల కర్మాగారంలో, బృందం కోసం పోత పోసిన సుమారు టన్ను బరువు గంటను రికార్డు చేశారు. అట్ట పూర్తిగా నల్లగా ఉంటే అమ్మకాలు పడిపోతాయని కంపెనీ భయపడింది. బృందం పట్టు వీడలేదు. అక్షరాల చుట్టూ బూడిద రంగు గీతకు మాత్రం ఒప్పుకుంది.

ఆ ఆల్బమ్‌లో బాన్ రాసిన మాటలు ఉన్నాయని కొందరు అభిమానులు నమ్ముతారు, బృందం కాదంటుంది. ఆ వాదన ఎలా ఉన్నా, ఆల్బమ్‌లో ఏడుపు పాట ఒక్కటీ లేకపోవడం మాత్రం అతనికి తగిన నివాళే. అంతా హుషారే.

2003లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బృందంతో పాటు బాన్ పేరు కూడా చేర్చారు. 2008లో ఫ్రీమాంటిల్‌లో, 2016లో కిర్రిమ్యూర్‌లో అతని విగ్రహాలు వెలిశాయి. కిర్రిమ్యూర్ విగ్రహం చంకలో బ్యాగ్‌పైప్ ఉంది. 2020 మార్చిలో పెర్త్, ఫ్రీమాంటిల్‌లను కలిపే రహదారి మూసి లారీల మీద ఏసీ/డీసీ పాటలు వాయిస్తుంటే లక్ష మందికి పైగా జనం వచ్చారు. అదే ఏడాది నవంబరులో ‘పవర్ అప్’ ఆల్బమ్ వచ్చింది. 2017లో మాల్కమ్ చనిపోయాక, అన్నతో కలిసి కట్టిన బాణీలతోనే ఆంగస్ దాన్ని చేశాడు. పోయినవాళ్ళ కోసం పని ఆపకుండా, పనిలోనే వాళ్ళను తలచుకోవడం ఈ బృందం 1980లోనే నేర్చుకుంది.

ఆరేళ్ళ వయసులో ఓడ దిగిన పిల్లవాడిని యాస చూసి వెక్కిరించిన దేశం ఈనాడు తనవాడని చెప్పుకుంటోంది. అతను వదిలి వెళ్ళిన ఊరూ తనవాడనే చెప్పుకుంటోంది. రెండూ నిజమే. ఎక్కడివాడవని ఎవరైనా అడిగితే జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగవలసి వచ్చే మనలాంటి వాళ్ళకు, ఆ రెండు విగ్రహాలు కొంత ఊరటనిస్తాయి.